తెర వెనక పాచిక

శుక్రవారం సాయంత్రమైతే చాలు, మా అమ్మాయి వాళ్లింట్లో బేస్‌మెంటులోంచి కేకలు వినిపిస్తాయి. వెళ్లిన మొదటివారం నేను కంగారుపడి మెట్లు దిగబోతుంటే, వంటింట్లోంచి మా అమ్మాయి తాపీగా చెప్పింది: ‘ఏం కాలేదు నాన్నా, రాక్షసుడెవడో చచ్చుంటాడు. ఇంకో అరగంటలో పిజ్జా కోసం వాళ్లే పైకొస్తారు.’

నిరుడు వేసవిలో నేనూ మా ఆవిడా అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్లి మూడు నెలలు ఉండొచ్చాం. అమెరికా వెళ్లొచ్చిన పెద్దవాళ్లు నయాగరా గురించి చెబుతారు, కాస్ట్‌కో గురించి చెబుతారు. నేను ఒక పాచిక గురించి చెబుతాను. మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఎవరూ ఎత్తని సంగతిని ఆ పాచిక బయటికి తీసింది.

ముందు ఆట సంగతి చెప్పాలి. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. తలా ఒక కాగితం, ఒక పెన్సిలు, గుప్పెడు పాచికలు. నాలుగు ముఖాల పాచిక మొదలుకొని ఇరవై ముఖాలదాకా రకరకాలవి ఉన్నాయి. ఆడేవాళ్లు తలా ఒక పాత్రను తయారుచేసుకుంటారు. ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకతె దొంగ. వాళ్ల బలం, తెలివి, సంచిలో ఉన్న సామాను అన్నీ ఆ కాగితం మీద రాసుంటాయి. ఒకరు మాత్రం ఏ పాత్రా కాదు. మిగిలిన లోకమంతా ఆ ఒక్కరే. గుహా ఆయనే, గుహలో గబ్బిలమూ ఆయనే, ఊళ్లో పూటకూళ్లమ్మా ఆయనే, రాక్షసుడూ ఆయనే. డంజన్ మాస్టర్ అంటారు. పిల్లల భాషలో డీఎం.

‘గుహ రెండుగా చీలింది. ఎడమపక్క నీళ్ల చప్పుడు వస్తోంది. ఏం చేస్తారు?’ అని డీఎం అడుగుతాడు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. ఆ పని అవుతుందో కాదో తేల్చలేనిచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే అయినట్టు, చిన్నది పడితే కానట్టు. చివర్లో ఫలానావారు గెలిచారని ప్రకటించడం లేదు. ఒకే కథ నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగుతుంది. అమ్మమ్మ కథ చెబుతుంటే మనం ఊఁ కొట్టేవాళ్లం. ఇక్కడ ఊఁ కొట్టేవాళ్లే కథ నడుపుతారు.

మా మనవడికి పద్నాలుగేళ్లు. ఆ బేస్‌మెంటుకి వాడే డీఎం. మనవరాలికి పదేళ్లు. దాని పాత్ర ఒక పొట్టి దొంగ. మిగిలిన ముగ్గురూ ఇరుగుపొరుగు పిల్లలు, మావాడి ఈడువాళ్లే. మావాడి ముందు అట్టతో చేసిన మడత తెర ఒకటి నిలబెట్టి ఉంటుంది. పటాలు, రహస్యాలు, వాడు వేసే పాచికలు అన్నీ ఆ తెర వెనకే. తాతగారిననే మర్యాదతో నాకు కుర్చీ వాడి పక్కనే వేశారు. గొడవంతా ఆ కుర్చీతోనే వచ్చింది.

మూడో శుక్రవారం. పొట్టి దొంగ అందరికన్నా ముందు వంతెన దాటబోయి ఒక మహాకాయుడి చేతికి చిక్కింది. రెండు దెబ్బలకే స్పృహ తప్పి పడిపోయింది. పడిపోయినవాళ్లు తమ వంతు వచ్చినప్పుడల్లా ఒక పాచిక వేయాలి. మూడుసార్లు తప్పితే ప్రాణం పోయినట్టే. మనవరాలికి అప్పటికే ఒకసారి తప్పింది. ఇప్పుడు మహాకాయుడి వంతు. స్పృహలేని మనిషి మీద దగ్గర్నుంచి పడే దెబ్బ రెండు తప్పులతో సమానమట. అంటే ఈ దెబ్బ తగిలితే ఇక లేదు. పడి ఉన్నవాళ్లను కొట్టేటప్పుడు రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవాలి. మావాడు తెర వెనక రెండూ వేశాడు. ఒకటి 11. ఇంకోటి 17. పదిహేడంటే తగిలినట్టే.

వాడు తలెత్తి చెల్లెలి ముఖం చూశాడు. ‘నాలుగూ, ఆరూ. తప్పింది. దుడ్డుకర్ర వంతెనలో దిగబడిపోయింది’ అన్నాడు.

పిల్లలంతా లేచి గెంతారు. వాడు నా వైపు ఒక్కసారి చూసి పాచికలు గుప్పిట్లోకి తీసుకున్నాడు.

మనకు పాచిక అనగానే శకుని గుర్తొస్తాడు. ఆయన ఎదుటివాణ్ణి ఓడించడానికి మోసం చేశాడు. వీడు చెల్లెలు ఓడకుండా ఉండటానికి చేశాడు. మంచిపనే కదా అనుకున్నాను. అయినా ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

రాత్రి భోజనాలయ్యాక అల్లుణ్ణి కదిపాను. కాలేజీ రోజుల నుంచీ అతనూ ఆడుతున్నాడు. ‘మామయ్యగారూ, డీఎం తెర వెనక అంకె మార్చడం కొత్తేమీ కాదు. దీని మీద యాభై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. నన్నడిగితే కథ బాగుంటే చాలు, పాచికదేముంది?’ అన్నాడు. అలమరలోంచి నాలుగు పుస్తకాలు తీసిచ్చాడు కూడా.

చదివితే గొడవ ఆ ఆటకన్నా పాతదని తేలింది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్స్ అనే లెఫ్టినెంటు, పటం మీద యుద్ధం ఆడే పద్ధతికి నిబంధనలు రాశాడు. దాని పేరు ‘క్రీగ్‌స్పీల్’, అంటే యుద్ధక్రీడ. రెండు పక్షాల మధ్య ఒక అంపైరు ఉంటాడు. ఎవరికి ఎంత కనపడాలో అంతే చూపిస్తాడు. ఎవరికెంత నష్టమో పాచికలు వేసి, పట్టికలు చూసి తేలుస్తాడు. పోనుపోను ఆ లెక్కలు మోయలేని బరువయ్యాయి. 1876లో వెర్దీ దు వెర్నోయా అనే సైన్యాధికారి వాటిని పక్కన పెట్టేసి, అనుభవమున్న అంపైరు ఏమంటే అదే ఫలితమన్నాడు. నిబంధన మాట చెల్లాలా, మధ్యవర్తి మాట చెల్లాలా అనే పేచీ అప్పటికే ఉందన్నమాట.

తర్వాతి కథ మా అమ్మాయి ఉండే ఊళ్లోనే జరిగింది. మనకు హైదరాబాద్, సికింద్రాబాద్ ఎలాగో అక్కడ మినియాపొలిస్, సెయింట్ పాల్ అలా జంటనగరాలు. డేవిడ్ వెస్లీ అనే కుర్రాడికి యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా లైబ్రరీలో 1880 నాటి ‘స్ట్రాటెగోస్’ అనే యుద్ధక్రీడ పుస్తకం దొరికింది. ఆడేవాళ్లు ఏ పనైనా చేయబోవచ్చు, అది అవుతుందో లేదో మధ్యవర్తి చెబుతాడు అన్న ఊహ అతనికి అందులో నచ్చింది. 1969లో నెపోలియన్ కాలపు ఆట ఒకటి పెట్టి, కొందరికి సైన్యాలు ఇవ్వకుండా ఒక ఊరిమనుషుల వేషాలిచ్చాడు. ఒకరు మేయరు, ఒకరు బ్యాంకరు. యుద్ధం మొదలవకుండానే వాళ్లలో వాళ్లు కుట్రలు పన్నుకుని ఆటంతా గందరగోళమైంది. చెడిపోయిందని వెస్లీ బాధపడ్డాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు.

వాళ్లలో ఒకడు సెయింట్ పాల్ కుర్రాడు డేవ్ ఆర్నెసన్. 1971లో అమ్మానాన్నల ఇంటి బేస్‌మెంటులో ‘బ్లాక్‌మూర్’ అనే ఊహాలోకాన్ని తెరిచాడు. అప్పటికి విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్ అనే ఆయన ఉన్నాడు. ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం పోయి చెప్పులు కుట్టి సంసారం నడుపుతున్నవాడు. ఇద్దరూ కలిసి నిబంధనలు రాశారు. 1974లో పది డాలర్ల పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయింది. మొదట వేసింది వెయ్యి ప్రతులు. గైగాక్స్ 2008లో, ఆర్నెసన్ 2009లో పోయారు. వాళ్లు మొదలుపెట్టిన వాదం మాత్రం పోలేదు.

ఒక పక్షం పాతకాలపువాళ్లు. పాచిక దేవుడిలాంటిది, పడిందే లెక్క అంటారు. గైగాక్స్ 1975లో ఒక పోటీకోసం ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ అనే సమాధిని తయారుచేశాడు. తొందరపడి ఎక్కడ చెయ్యిపెట్టినా చావే. 1977లో వచ్చిన ‘ట్రావెలర్’ అనే ఆటలో అయితే పాత్రను తయారుచేసుకునే దశలోనే, ఆట మొదలవకుండానే, ఆ పాత్ర చచ్చిపోవచ్చు! వీళ్ల వాదన ఒకటే. ప్రమాదం నిజం కాకపోతే ధైర్యం కూడా నిజం కాదు.

రెండో పక్షం కథకులు. 1984లో ట్రేసీ హిక్‌మన్, మార్గరెట్ వైస్ తదితరులు ‘డ్రాగన్‌లాన్స్’ సాహసాలు తెచ్చారు. పెద్ద నవలలా ముందే అల్లిన కథ. హీరో మధ్యలో పోతే కథ కుంటుపడుతుంది. అందుకని ముఖ్యపాత్ర చనిపోయినా శవం కంటపడకుండా చూడండి, తర్వాత ఏదో కారణం చెప్పి వెనక్కి తేవచ్చు అని డీఎంలకు సలహా ఇచ్చారు. మన సినిమాల్లో లోయలో పడ్డ హీరో తిరిగొచ్చినట్టే. మా అల్లుడు ఈ పక్షం.

తమాషా ఏమిటంటే, ఆ సమాధి కట్టిన గైగాక్సే 1979లో డీఎంల కోసం రాసిన లావుపాటి పుస్తకంలో ఒక సడలింపు ఇచ్చాడు. ఆటగాడు తెలివిగా, జాగ్రత్తగా ఆడినా కేవలం పాచిక బాగోక చచ్చేటట్టయితే, డీఎం దాన్ని తోసిపుచ్చవచ్చట. ప్రాణం తీయకుండా చెయ్యో కాలో తీసి వదలవచ్చట. కఠినుడన్న పేరున్న మనిషిలోనూ ఎక్కడో ఒక తాతయ్య ఉన్నాడు.

మూడో దారి కొత్త తరానిది. డీఎం మంచితనం మీద ఆధారపడటం ఎందుకు, ఆటనే మార్చేద్దాం అన్నారు. 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’లో ఆట నడిపేవారు అసలు పాచికే ముట్టరు. వేసేదంతా ఆటగాళ్లే. ‘డ్రెడ్’ అనే ఆటలో పాచికలే లేవు. చెక్కముక్కలు పేర్చిన గోపురంలోంచి ఒక్కో ముక్క లాగాలి. గోపురం ఎవరి చేతిలో కూలితే వాళ్ల పాత్ర పోయినట్టు. కూలిన గోపురాన్ని కూలలేదని ఎవరూ అనలేరు కదా. మన అష్టాచెమ్మాలో గవ్వలు నలుగురి మధ్యా పడినట్టే.

ఇదంతా చదివి, ఎవరి ఆట వారికానందం అని సర్దిచెప్పుకుని పడుకున్నాను.

తెల్లారి కాఫీ తాగుతుంటే మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. ‘తాతయ్యా, నువ్వు అన్నయ్య పక్కనే ఉన్నావు కదా. నిజంగా ఎంత పడింది?’

‘నాకు కనపడలేదమ్మా. కళ్లజోడు లేదు’ అన్నాను.

‘నీ ముక్కు మీదే ఉంది. నిన్న కూడా ఉంది.’

ఇక తప్పలేదు. ‘పదిహేడు’ అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపు కప్పు అంచు గోటితో గీకుతూ కూర్చుని, ‘అయితే చలికాలంలో డ్రాగన్‌ని నేను కొట్టింది? అది కూడా అన్నయ్యే కొట్టాడా?’ అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా మనవడి దగ్గర ఉంది. ఆ డ్రాగన్ని అది నిజంగానే కొట్టిందట. పాచిక వేసిందీ అదే, ఇరవై పడిందీ నిజమే. వాడు ఒట్టు పెట్టుకుని చెప్పాడు. అది నమ్మలేదు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. కిందికి దిగనంది. వాడు నా మీద కోప్పడ్డాడు. ‘డీఎం పక్కన కూర్చుని చూసింది బయట చెప్పకూడదు తాతయ్యా. చచ్చిపోతే ఇక ఆటకి రాదేమోనని అలా చేశాను’ అన్నాడు. పాపం, రాకుండా పోతుందేమోనని అబద్ధమాడాడు. ఆ అబద్ధంతోనే రాకుండా పోయింది.

సరిగ్గా ఇక్కడే నాకు స్టీలు డబ్బా గుర్తొచ్చింది.

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా వక్తృత్వ పోటీకి వెళ్లింది. పదిహేను రోజులు అద్దం ముందు నిలబడి చెప్పుకుంది. తీరా స్టేజీ ఎక్కాక సగంలో మరిచిపోయింది. జడ్జీల్లో ఒకాయన నా స్నేహితుడు. ఫలితాలు చెప్పేముందు నేను ఆయన్ని స్కూటరు స్టాండు దగ్గర పట్టుకుని, పిల్ల బెంగపెట్టుకుంటుంది, ఏదైనా చూడమన్నాను. చూశాడు. ప్రోత్సాహక బహుమతి అని చెక్కిన ఒక స్టీలు డబ్బా వచ్చింది. అది ఎనిమిదేళ్లు మా షోకేసులో బొమ్మల మధ్య ఉంది. ఆ తర్వాత దానికి మొదటి బహుమతులు కూడా వచ్చాయి. వాటికోసం నేను ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఇంజినీరింగులో ఉండగా ఒక పెళ్లిలో ఆ స్నేహితుడే కనపడి, నవ్వుతూ, ‘మీ నాన్న ఆ రోజు నా స్కూటరు కదలనివ్వలేదమ్మా’ అని అంతా చెప్పేశాడు. అమ్మాయి కూడా నవ్వింది. ఇంటికొచ్చిన మర్నాడు డబ్బా షోకేసులోంచి వంటింట్లోకి వెళ్లింది, జీలకర్ర పోసుకోవడానికి. మిగతా కప్పులు కూడా ఒక్కొక్కటే అటక ఎక్కాయి. నేను అడగలేదు, అది చెప్పలేదు. దాని డ్రాగన్లన్నీ నేనే కొట్టానేమోనన్న అనుమానం వచ్చిందని నాకు ఇరవై ఏళ్ల తర్వాత, మనవరాలు అడిగితేగానీ అర్థం కాలేదు.

అందుకని ఆట పూర్తిగా తెలియకపోయినా ఈ పేచీలో నా అభిప్రాయం చెబుతాను. అంకె మార్చే డీఎం ఒక్క ఓటమిని దాచిపెడుతున్నాననుకుంటాడు. నిజానికి పాత గెలుపులన్నిటి మీదా అనుమానపు నీడ వేస్తాడు. అలాగని పిల్లల పాత్రల్ని చంపితీరాలని కాదు. ఆ దొంగ చచ్చిపోకూడదు అనుకుంటే ఆ పాచిక వేయనేకూడదు. మహాకాయుడు దాన్ని భుజాన వేసుకుని గుహలోకి ఎత్తుకుపోయాడని చెబితే సరిపోయేది. మిగతావాళ్లకు విడిపించే పని దొరికేది, కథా బాగుండేది, అబద్ధమూ ఉండేది కాదు. దయ చూపించాల్సింది పాచిక వేయకముందు. వేశాక చూపిస్తే అది దొంగతనమే అవుతుంది. మా అల్లుడు కోరే కథకూ, పాతవాళ్లు కోరే నిజాయతీకీ పొత్తు కుదరాలంటే నాకు కనపడిన దారి ఇదొక్కటే.

మూడోరోజు పిల్లలు నలుగురినీ పోగేసి ఈ మాటే చెప్పాను. వాళ్లు నాకన్నా బాగా ఆలోచించారు. ఇకమీదట పెద్ద పాచిక వేసేముందు, తప్పితే ఏమవుతుందో డీఎం పైకి చెప్పాలి. భరించలేమనుకున్నవాళ్లు అప్పుడే చెప్పాలి, పందెం మార్చుకోవచ్చు. చెప్పాక వేసే దెబ్బల పాచికలు బల్ల మధ్యలో పడాలి. గోడలో రహస్యపు తలుపుందా లేదా లాంటివి మాత్రం తెర వెనకే వేయొచ్చు, ఎందుకంటే అంకె కనపడితే రహస్యం తెలిసిపోతుంది. తెర ఉండటం తప్పు కాదు, దాని వెనక ఏం జరగాలో అందరికీ తెలియాలి, అంతే.

ఆ శుక్రవారం మనవరాలు కిందికి దిగింది. వస్తూనే, ‘పదిహేడు పదిహేడే. నా దొంగ చచ్చిపోయింది’ అంది. వాళ్లన్నయ్య వద్దన్నాడు, మిగతావాళ్లు బతిమాలారు. వినలేదు. వంతెన పక్కనే సమాధి చేశారు. సంచిలో ఉన్న తాళంచేతుల గుత్తి మంత్రగాడికి, బంగారం కత్తివీరుడికి ఇవ్వమని వీలునామా రాసింది. రాస్తూ రాస్తూ ఏడ్చింది. అదీ పది నిమిషాలే. కళ్లు తుడుచుకుని కొత్త కాగితం తీసి, ఈసారి దొంగ చెల్లెల్ని తయారుచేస్తానని పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది. ‘మహాకాయుడి సంగతి చూస్తుంది’ అంది. చచ్చిపోతే ఆటకి రాదేమోనని భయపడ్డవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

వెనక్కి తిరిగితే మెట్ల మీద మా అమ్మాయి కూర్చునుంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

పైకి వెళ్లాక అడిగాను, ‘ఆ పోటీలో నేను అడిగి ఉండకూడదు కదమ్మా?’

‘ఏ పోటీ?’ అనలేదు. పోపు పెడుతూ, ‘ఏమీ రాకపోయినా ఇంటికొచ్చి రెండు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని నాన్నా’ అంది.

‘తర్వాత వచ్చినవన్నీ నీవే. ఒట్టు.’

‘ఇప్పుడు తెలుసులే.’

అలమరలోంచి జీలకర్ర డబ్బా తీసింది. చెక్కిన అక్షరాలు సగం అరిగిపోయాయి. అన్ని వేల మైళ్లు దాన్నెందుకు మోసుకొచ్చావని అడిగితే మూత బిగించి చూపించింది.

‘మంచి డబ్బా నాన్నా. ఇప్పటికీ గట్టిగా పడుతుంది.’